కాస్త ఆ చప్పుడు ఆపించండి

పత్రికాఫీసు, కిటికీ పక్క బల్ల
బుధవారం సాయంత్రం

ఆడపడుచుగారి దివ్యసముఖానికి,

మీ గుమ్మం దాకా వచ్చి మంచినీళ్ళయినా తాగకుండా తిరిగొచ్చిన వదిన రాసుకుంటున్నది. ఫోను చేద్దామనుకున్నాను గానీ మీ అన్నయ్య వద్దన్నాడు. మనిద్దరం ఫోన్లో మాట్లాడుకుంటే రెండు నిమిషాల్లో పోట్లాట మొదలవుతుందట. ఉత్తరాల్లో అయితే కనీసం వారం పడుతుంది కదా అంటాడు.

విషయం ఏమిటంటే, ఇవాళ మీ వైమానిక స్థావరానికి వచ్చాను. పత్రికలవాళ్ళనీ టీవీవాళ్ళనీ పిలిచి లోపలంతా చూపిస్తామన్నారు. మా ఆఫీసులో ఎవరు వెళ్తారంటే నేనే చెయ్యెత్తాను, నిన్ను చూడొచ్చని. తీరా వస్తే మా బస్సు మీ క్వార్టర్స్ ముందు నుంచే పోయింది గానీ ఆగలేదు. రోడ్డువైపు గోడలకి కొత్త సున్నం, పక్క గోడలకి పాత నాచు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే అదే. తలుపులన్నీ మూసి ఉన్నాయి. 'ఇక్కడ ఎవరూ ఉండరా?' అని అడిగితే, 'కుటుంబాలన్నీ విశ్రాంతి తీసుకుంటున్నాయి మేడం' అన్నాడు మా వెంట ఉన్న సమాచార అధికారి. నీకు విశ్రాంతి దొరికిందంటే ఎంత సంతోషించానో.

ఆయన గురించి చెప్పి తీరాలి. నోరు తెరిచి ఎవరికీ పని చెప్పడు. చెయ్యి పైకెత్తుతాడు, పని జరిగిపోతుంది. చెయ్యెత్తితే బస్సు ఆగింది. చెయ్యెత్తితే నీళ్ళ సీసాలు వచ్చాయి. బస్సు సగం దారిలో ఉండగానే మేమంతా ఆయనకి 'చెయ్యెత్తు సారు' అని పేరు పెట్టేశాం.

విమానాలు చూశాను, ఎక్కి కూర్చున్నాను, ఫోటో దిగాను. రన్‌వే పక్క పచ్చిక మీదే శామియానా వేసి భోజనాలు పెట్టారు. మావాళ్ళ సంగతి నీకు తెలుసు కదా, తిన్న ఎముకలు తిన్నచోటే వదిలేశారు. ఒక్కటే ఇబ్బంది. పెద్ద అధికారితో నా ఇంటర్వ్యూ మొదలైన దగ్గర్నుంచీ దూరంగా ఎవరో ఢాం ఢాం అని పేల్చడం. రికార్డర్‌లో ఆయన మాట ఒకటి పడితే ఆ పేలుడు ఒకటి పడుతోంది. ఉండబట్టలేక రికార్డర్ ఆపుచేసి, 'సార్, కాస్త ఆ చప్పుడు ఆపించండి, రికార్డింగ్ పాడవుతోంది' అన్నాను. టీవీవాళ్ళు కూడా అవునవునన్నారు. చెయ్యెత్తు సారు చెయ్యెత్తాడు. దూరంగా ఒక జీపు కదిలి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అంతా ప్రశాంతం, ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా వచ్చింది.

తమ్ముడి కోసం, అదే మీ ఆయన కోసం కూడా చుట్టూ వెతికాను. పిట్టల్ని తోలే ఉద్యోగం అంటారు కదా, వడిసెల తిప్పుతూ ఏ మూలో ఉంటాడనుకున్నాను. కనబడలేదు. పిట్టలదొరగారు కూడా విశ్రాంతిలో ఉన్నారేమో అడిగి రాయి.

ఆదివారం అనుబంధంలో నా వ్యాసం వస్తుంది, చదువు. పిల్లదానికి ముద్దులు.

నీ వదిన


స్థావరం క్వార్టర్స్, వెనక వరస
ఆదివారం

వదినకు,

నీ ఉత్తరం నిన్న అందింది. అది నువ్వు రాసేటప్పటికి నీకు తెలిసి ఉండదు, ఇప్పటికి పేపర్లో చూసే ఉంటావు. మీ బస్సు గేటు దాటిన కాసేపటికే ఒక శిక్షణ విమానం నేల వదిలీ వదలకముందే గద్దని మింగింది. ఇంజను ఆగిపోయింది. విమానం అవతల బీడు నేలలో పడి కాలిపోయింది. కుర్ర పైలట్ కుర్చీతో సహా బయటికి ఎగిరి పడ్డాడు. ప్రాణం ఉంది. నడుము కింద కదలిక లేదు. మా పిల్లదానికి కాగితాలతో విమానాలు చేసిచ్చే అబ్బాయని రాశానే, ఆ అబ్బాయే.

ఆ ఢాం ఢాం ఎవరిదనుకున్నావు వదినా? వడిసెలతో గద్దలు పోవు. తుపాకీలో పటాకీ తూటా పెట్టి గాల్లోకి పేలుస్తారు, ఆ చప్పుడుకి అవి రన్‌వే మీదికి రాకుండా పక్కకి పోతాయి. అదే మీ తమ్ముడి ఉద్యోగం. నువ్వు చూసిన జీపులో ఉన్నది ఆయనే.

వైర్‌లెస్‌లో చెప్పారట, వచ్చినవాళ్ళకి ఇబ్బందిగా ఉంది, తుపాకులు ఆయుధాల గదిలో పెట్టేసి, జీపు షెడ్డులో పెట్టి, మీరు కూడా కంటికి కనబడకుండా ఉండండి అని. 'సార్, పచ్చిక మీద ఎముకలు పడ్డాయి, గద్దలు దిగుతున్నాయి' అన్నాడట ఈయన. 'చెప్పింది చెయ్యి' అన్నారట. చేశాడు. మీరు బస్సెక్కాక తుపాకుల కోసం పరిగెత్తితే గదికి తాళం. తాళాలున్న మనిషి మీతో గ్రూప్ ఫోటో దిగి మిమ్మల్ని సాగనంపడానికి గేటు దగ్గరికి వెళ్ళాడు. అతను వచ్చేలోగా విమానం కదిలింది. వైర్‌లెస్ జీపులో ఉంది, జీపు షెడ్డులో ఉంది. ఈయన చొక్కా విప్పి గాల్లో ఊపుతూ, కేకలేస్తూ రన్‌వే పక్కన పరిగెత్తాడు. గొంతు ఇంకా రాలేదు.

ఇప్పుడు విచారణలో ఒకే మాట పట్టుకున్నారు. ప్రమాదం జరిగినప్పుడు పక్షుల దళం పనిలో లేదు. నిజమే, లేదు. ఎందుకు లేదని ఎవరూ అడగడం లేదు. తుపాకులు ఆపమని తాను అననేలేదంటున్నాడు మీ చెయ్యెత్తు సారు. వైర్‌లెస్‌లో చెప్పిన జూనియర్ తనకేమీ గుర్తులేదంటున్నాడు. ఈయన్ని సస్పెండు చేశారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టుంది మా బతుకు.

ఆపమన్న మాట ఎక్కణ్ణుంచి పుట్టిందో నీ ఉత్తరం చూసేదాకా మాకు తెలియదు. నీకు తెలిసి చేసింది కాదని నాకు తెలుసు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆపమని అడిగింది నువ్వని, చెయ్యెత్తింది ఆయనని చెప్పు. ఇంకేమీ వద్దు.

నీ ఆడపడుచు


ఇల్లు
శుక్రవారం

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. ఆ అబ్బాయి గురించి తలుచుకుంటే గుండె తరుక్కుపోతోంది. తమ్ముడికి ధైర్యం చెప్పు. తప్పు చెయ్యనివాడికి ఎప్పటికైనా న్యాయం జరుగుతుంది.

కాకపోతే ఒక మాట. ఆపమన్నది నేనొక్కదాన్నే అని ఎలా చెప్పను? టీవీవాళ్ళు కూడా అన్నారు. అసలు ఒక అతిథి ఏదో అడుగుతుంది, కుదరదని చెప్పాల్సిన బాధ్యత వాళ్ళది. రికార్డర్‌లో ఆ పేలుళ్ళు ఉన్నాయి గానీ నా మాట లేదు, అప్పటికి ఆపుచేశాను. మా సంపాదకుడితో అన్యాపదేశంగా కదిపి చూశాను. రక్షణ వ్యవహారాల్లో వేలు పెడితే మళ్ళీ మనల్ని గేటు లోపలికి రానివ్వరన్నాడు. మీ అన్నయ్య కూడా కుటుంబం వేరు, ఉద్యోగం వేరు, రెంటినీ కలపకండి అంటున్నాడు. నేనిప్పుడు తొందరపడి ఏదో చెప్తే తమ్ముడికే బెడిసికొట్టొచ్చు. నాకు తెలిసిన మంచి వకీలు ఒకాయన ఉన్నాడు, ఆయనతో మాట్లాడతాను. కొంచెం ఓపిక పట్టు.

పిల్లదానికి గౌను పంపుతున్నాను. నీలం రంగు, దానికి బాగుంటుంది.

వదిన


స్థావరం క్వార్టర్స్, వెనక వరస (ఈ నెలాఖరు దాకా మాత్రమే)
మంగళవారం

పత్రికా రచయిత్రిగారికి,

గౌను తిరిగి పంపుతున్నాను. పొట్టిదైంది. మీరు చూసినా చూడకపోయినా పిల్లలు పెరుగుతారు.

మీ వ్యాసం చదివాను. ఒకసారి కాదు, కంఠతా వచ్చేదాకా చదివాను. 'ఇక్కడి నిశ్శబ్దంలో ఒక క్రమశిక్షణ ఉంది' అని రాశారు. ఆ నిశ్శబ్దం మా ఆయన నోరు నొక్కితే వచ్చిందండీ. అది వినడానికి బాగుంటుంది కాబోలు, కింద గీత గీసి మరీ అచ్చేశారు. ఆ కాగితం పొయ్యిలో పెడదామని లేచాను, ఈయన లాక్కుని మడత పెట్టి దాచాడు. 'అక్క రాసింది' అన్నాడు.

పోయిన ఆదివారం ఆ అబ్బాయి తల్లి మా ఇంటికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. 'నీ మొగుడు ఒళ్ళు దాచుకోకుండా ఉంటే నా కొడుకు నడిచేవాడు' అంది నాతో. ఈయన తల వంచుకుని నిలబడ్డాడు. చివరికి 'ఆపమన్నారమ్మా' అన్నాడు. 'ఎవరు?' అంది ఆవిడ. ఎవరని చెప్తాడు? నోటిదాకా వచ్చిన మాట మింగేసి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తల్లి ఏమనుకుందో తెలుసా? అబద్ధమాడి మొహం చాటేశాడనుకుంది. గుమ్మం మీద ఉమ్మేసి పోయింది. నేనే కడిగాను.

మీకు రాయకూడదనుకున్నాను, ఇక రాస్తున్నాను. విచారణలో కూడా ఈయన మీ పేరెత్తలేదు. అడిగిందెవరో తెలిశాక వెళ్ళి చెప్పమని కాళ్ళావేళ్ళా పడ్డాను. 'అక్క ఉద్యోగం పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే కదా పడేది' అన్నాడు. మీ ఉద్యోగం పోతుందని మీకు ఎంత భయమో, ఆయనకీ అంతే భయం. ఆయన ఉద్యోగం గురించి భయపడే మనిషి ఈ కుటుంబంలో నేనొక్కదాన్నే మిగిలాను.

మా అన్నయ్యకి చెప్పండి. కుటుంబం వేరు, ఉద్యోగం వేరు అన్నాడట కదా. మాకు ఇల్లూ ఉద్యోగమూ ఒకే కాగితం మీద పోతున్నాయి. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. వకీలు వద్దు. వకీలుకైనా సాక్షి కావాలి, ఆ సాక్షి మీరు. అందరూ అన్నారు కాబట్టి నేనొక్కదాన్నే ఎందుకు చెప్పాలంటారా? అందరికీ ఇక్కడ తమ్ముడు లేడు.

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఇన్నేళ్ళూ ఆ మాట సరదాకి వాడుకున్నాం. ఇవాళ ఆ సగం అధికారంతో అడుగుతున్నాను, భయపడుతున్నానని ఒక్క ముక్క నిజం రాయండి చాలు. ఓపిక పట్టమని మాత్రం రాయొద్దు. ఆ మాట రాసిన చేతిని నా ఇంట్లో అన్నం ముద్ద ముట్టనివ్వను.

ఇట్లు,
పక్షుల దళంలో పనిలో లేని మనిషి భార్య


పత్రికాఫీసు మెట్ల మీద
సోమవారం

ఒసేయ్,

'మీరు' అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? పెళ్ళయిన కొత్తలో మీ అమ్మ నన్ను సాధిస్తుంటే నా పక్కన నిలబడి పోట్లాడినదానివి. తిట్టాలంటే తిట్టు, నువ్వు అని తిట్టు.

అడిగావు కాబట్టి రాస్తున్నాను. భయపడ్డాను. ఉద్యోగం పోతుందని భయం, ఆ అబ్బాయి నడుముకి నేనే కారణమని నలుగురూ అంటారని భయం. వకీలని, ఓపికని ఏవేవో రాశాను. తమ్ముడు నా పేరు చెప్పలేదన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ రాత్రి మీ అన్నయ్యకి ఆ ఉత్తరం చదవమని ఇచ్చాను. చదివి, వెళ్ళి స్నానాల గదిలో తలుపేసుకున్నాడు. ఇంకెప్పుడూ కుటుంబం వేరు, ఉద్యోగం వేరు అనడు.

మొన్న గురువారం విచారణ జరిగే చోటికి వెళ్ళాను. బయటివాళ్ళ మాట వినేది లేదని గేటు దగ్గరే ఆపేశారు. జరిగిందంతా రాసి ఇచ్చి వచ్చాను. మర్నాడు చెయ్యెత్తు సారు ఫోను చేశాడు. ఎంత తియ్యగా మాట్లాడాడో విను. 'మేడం, మీరు పొరబడుతున్నారు. ఆ రోజు తుపాకులు ఆపించే ప్రసక్తే లేదు. మాకు ఎవరూ ఏ చప్పుడు గురించీ చెప్పలేదు. మీరే రాశారు కదండీ, ఇక్కడంతా నిశ్శబ్దం, క్రమశిక్షణ అని. ఆ వ్యాసం మేము ఫ్రేము కట్టించి పెట్టుకున్నాం' అన్నాడు.

నా వాక్యంతోనే నా నోరు కుట్టేశాడు. ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. ఇంతకాలం నేను రాసిన మాటలు ఇలా ఎవరెవరి గోడల మీద ఉన్నాయో, ఎవరెవరి నోళ్ళు మూస్తున్నాయో అని మొదటిసారి అనిపించింది.

జరిగింది జరిగినట్టు రాసి సంపాదకుడి బల్ల మీద పెట్టాను. 'ఆధారం ఏది?' అన్నాడు. నేనే ఆధారం అన్నాను. 'నువ్వు వాళ్ళ బంధువువి' అన్నాడు. మొదట నిజం చెప్పడానికి బంధుత్వం అడ్డొచ్చింది కదా, ఇప్పుడు అచ్చెయ్యడానికీ అదే అడ్డొచ్చింది. ఆయన గదిలోంచి వచ్చి ఈ మెట్ల మీద కూర్చుని నీకు రాస్తున్నాను. ఒళ్ళంతా మంటగా ఉంది. సగం వాళ్ళమీద, సగం నామీద.

ఒక సంగతి. వచ్చే నెల మళ్ళీ పత్రికలవాళ్ళని పిలుస్తున్నారు. పక్షుల బెడదకి కొత్త ఏర్పాట్లు చేశారట, అవి చూపిస్తారట. చెయ్యెత్తు సారు ఆ ఫోన్లోనే నన్ను ప్రత్యేకంగా రమ్మన్నాడు, మంచి వ్యాసం రాసినదాన్ని కదా. వస్తున్నాను.

నీ వదిన


టైర్ల దుకాణం మీది గది, స్థావరం గేటు ఎదుట
శనివారం

వదినా,

మళ్ళీ నువ్వు అంటున్నాను. కోపం పోయి కాదు, 'మీరు' అని రాస్తుంటే తిట్లు సరిగ్గా రావడం లేదు.

ఇల్లు మారాం. కింద టైర్లకి గాలి కొట్టే యంత్రం, పైన మేము. పిల్లది నిద్రలో ఉలిక్కిపడుతోంది. ఈయన పొద్దస్తమానం డాబా మీదే. గద్ద కనబడితే చప్పట్లు కొడతాడు. ఇక్కణ్ణుంచి కొడితే రన్‌వే దాకా వినబడుతుందా? దుకాణం అతను తలెత్తి చూసి నవ్వుతాడు.

ఇంకో విడ్డూరం విను. తుపాకుల పనికి కొత్తవాళ్ళని పెట్టారు. వాళ్ళకి పని తెలియదు. నేర్పమని ఈయన్నే పిలిచారు, సస్పెండైన మనిషిని. పోయి నేర్పొచ్చాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. 'సిగ్గులేదా నీకు, వాళ్ళు నిన్ను వీధిలో పడేస్తే వాళ్ళ పని చేసిపెడతావా?' అన్నాను. 'నన్ను సస్పెండు చేశారని గద్దకి తెలియదు కదే' అన్నాడు. ఈ మనిషితో పోట్లాడినా సుఖం లేదు.

విచారణ ముగింపుకొచ్చిందట. నీ పర్యటన అయిన వారానికి తీర్పు. పని నుంచి తీసేస్తారని అందరూ అంటున్నారు.

నువ్వొచ్చి ఏం చేస్తావో నాకు తెలియదు. వాళ్ళ శామియానా కింద కూర్చుని ఇంకో నిశ్శబ్దం గురించి రాసేటట్టయితే రాకు. ప్రసంగం చేసేటట్టయినా రాకు. ప్రసంగాలకి వాళ్ళు చప్పట్లు కొట్టి, చేతిలో జ్ఞాపిక పెట్టి బస్సెక్కిస్తారు.

నీ ఆడపడుచు


బస్టాండు, టీ బల్ల
బుధవారం

అమ్మాయ్,

మీ గది కిటికీ కింద నుంచే వచ్చాను. మెట్లెక్కడానికి ఇంకా మొహం చెల్లలేదు. ఇక్కడ కూర్చునే రాస్తున్నాను. టీవీలో సగమే వస్తుంది, మొత్తం నా నోటి నుంచి వినాలి నువ్వు.

అదే శామియానా, అదే పచ్చిక. ఈసారి భోజనం మాత్రం అట్టపెట్టెల్లో పెట్టి, తినగానే పెట్టెలు లాక్కున్నారు. అంటే ఎముకల సంగతి వాళ్ళకి బాగా తెలుసన్నమాట. విమానాల విన్యాసాలు చూపించారు. అవయ్యాక పెద్ద అధికారి మైకు ముందుకొచ్చాడు. వెనకాల దూరంగా కొత్త దళం, జీపు, కెమెరాల కోసం తుపాకులు పేలుస్తూనే ఉన్నారు. చెయ్యెత్తు సారు నా పక్కనే నిలబడి, 'బాగా కనబడుతోందా మేడం?' అని మర్యాదలు చేస్తున్నాడు.

నేను రాత్రంతా ఒక ప్రశ్న తయారుచేసుకుని, నేర్చుకుని వచ్చాను. నువ్వన్నట్టు అది ప్రసంగమే. ఈలోగా టీవీ అమ్మాయి ఒకతె ప్రమాదం గురించి అడిగింది. పెద్ద అధికారి నింపాదిగా చెప్పాడు. 'ఈ తుపాకులు ఏ పరిస్థితిలోనూ ఒక్క క్షణం కూడా ఆగవు. ఎవరు అడిగినా ఆపం. ఆ రోజు కూడా ఆపమని ఎవరూ చెప్పలేదు. ఒక వ్యక్తి పని ఎగ్గొట్టాడు, అతని మీద చర్య తీసుకుంటున్నాం.'

పని ఎగ్గొట్టాడట. చొక్కా విప్పి, గొంతు పోయేదాకా అరుస్తూ పరిగెత్తినవాడు. నా ప్రశ్న మొత్తం బుర్రలోంచి ఎగిరిపోయింది. ఒక్కటే మిగిలింది. చెయ్యెత్తు సారు వైపు తిరిగి, మొహం చిట్లించి, ఆ రోజు ఎలా అన్నానో అలాగే అన్నాను. 'సార్, కాస్త ఆ చప్పుడు ఆపించండి, రికార్డింగ్ పాడవుతోంది.'

ఆయన చెయ్యెత్తాడు.

ఆయన ఆలోచించనైనా లేదే తల్లీ. నేను అడగడం, చెయ్యి లేవడం ఒక్కసారే అయ్యాయి. దూరంగా జీపు కదిలి షెడ్డు వైపు పోయింది. చప్పుడు ఆగిపోయింది. కెమెరాలన్నీ తిరుగుతున్నాయి. 'ఒక్క క్షణం కూడా ఆగవు' అన్న మనిషి నోరు ఇంకా తెరుచుకునే ఉంది. చెయ్యెత్తు సారు చెయ్యి ఇంకా పైనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు.

అప్పుడు అన్నాను. గట్టిగా కూడా అనలేదు, ఆ నిశ్శబ్దంలో గట్టిగా అనాల్సిన పని లేదు. 'ఆ రోజు కూడా ఇలాగే ఆగాయి సార్. అడిగింది నేను. లేచింది ఈ చెయ్యి. మీరు ఇంట్లోంచి వెళ్ళగొట్టింది మాత్రం జీపులో ఉన్నవాణ్ణి. అతను నా ఆడపడుచు భర్త. అందుకే ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను. అది నా తప్పు. మీ తప్పు ఏదో ఇప్పుడే అందరూ చూశారు.'

పెద్ద అధికారి 'ఇది వేరే సందర్భం' అన్నాడు. టీవీ అమ్మాయి 'ఏం వేరు సార్?' అంది. ఆయన మైకు వదిలేసి వెళ్ళిపోయాడు. మమ్మల్ని బస్సెక్కించడానికి ఈసారి ఎవరూ చెయ్యెత్తలేదు, మేమే ఎక్కాం.

సంపాదకుడు అప్పుడే ఫోను చేశాడు. రేపట్నుంచి ఆఫీసుకి రానక్కర్లేదట, ఎప్పుడు రావాలో కబురు చేస్తాడట. అయితే అయింది. ఇప్పుడు ఇక్కణ్ణుంచి ఆస్పత్రికి వెళ్తున్నాను. 'ఎవరు?' అని ఆ తల్లి తమ్ముణ్ణి అడిగింది కదా. ఆ జవాబు నేనే ఇవ్వాలి. ఆవిడ నా మొహాన ఉమ్మేస్తే తుడుచుకుంటాను.

వదిన


టైర్ల దుకాణం మీది గది
గురువారం

వదినా,

రెండు వారాల కిందట, నువ్వొచ్చి వెళ్ళిన ఆ సాయంత్రం, దుకాణం అతను గాలి యంత్రం ఆపేసి పైకి పరిగెత్తుకొచ్చాడు, 'అమ్మా, టీవీలో మీ గురించే' అని. కిందికి వెళ్ళి అందరితో పాటు నిలబడి చూశాను. ఆ చెయ్యి లేవడం మళ్ళీ మళ్ళీ వేశారు. వీధిలో పిల్లలు ఇప్పుడు ఆటల్లో చెయ్యెత్తి ఆపుకుంటున్నారు.

విచారణ మళ్ళీ తెరిచారు. వైర్‌లెస్ జూనియర్‌కి ఉన్నట్టుండి అన్నీ గుర్తొచ్చాయట. చెయ్యెత్తు సారుని ఎక్కడికో బదిలీ చేశారు. ఈయన్ని నిన్న పిలిచి పనిలో చేరమన్నారు. 'పొరబాటైంది' అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఈయన కూడా అడగలేదు. తుపాకీ తీసుకుని, నూనె పెట్టి శుభ్రం చేసుకుని, జీపెక్కాడు. ఇవాళ పొద్దున్న ఆ ఢాం ఢాం వినబడితే పిల్లది చప్పట్లు కొట్టింది. నేను వంటగదిలో కూర్చుని ఏడ్చాను.

ఆ తల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి కూర్చుంది. నువ్వు వెళ్ళావని చెప్పింది. నిన్ను ఏమందో చెప్పలేదు, నేనూ అడగలేదు. 'ఇంకా ఎవరిని తిట్టుకోవాలో తెలియడం లేదమ్మా' అని మాత్రం అంది. కొడుక్కి నడుము రాదట.

అందుకని నా కోపం పోలేదు వదినా. వాళ్ళమీదా పోలేదు, నీమీదా పోలేదు. గౌను పంపేముందు ఆ మాట అన్నదానివైతే విచారణ అప్పుడే తిరిగేది, ఇల్లు పోయేది కాదు, ఆ తల్లి నా గుమ్మం మీద ఉమ్మేది కాదు. కొన్నాళ్ళు నన్ను ఇలాగే కోపంగా ఉండనీ. అయినా ఆఫీసు లేదుగా, వచ్చి మా గదిలో ఉండు. పోట్లాడుకోవడానికి ఉత్తరాలు మరీ ఆలస్యం.

ఒకటి రాయాలి. ఈయన ఆ వార్త రెండుసార్లు చూశాడు. మేమంతా చెయ్యెత్తిన మనిషిని చూస్తుంటే, ఈయన టీవీకి దగ్గరగా వెళ్ళి, మీ తలల వెనక ఆకాశం కనబడే మూల చూస్తున్నాడు. సంతోషించాడేమో అనుకున్నాను. ఆ రాత్రి అన్నం తింటూ తింటూ ఆగి, 'అక్కగారిని ఒక్కటి అడుగు. తుపాకులు ఆపమనేముందు పైన విమానం ఏదైనా ఉందో లేదో చూశారా?' అన్నాడు. మొహం గంటు పెట్టుకుని ఉంది. ఇన్ని రోజుల్లో ఆయనకి కోపం రావడం అదే మొదటిసారి.

జవాబు నాకు కాదు, ఆయనకే రాయి.

నీ ఆడపడుచు


ఇల్లు
ఆదివారం

తమ్ముడికి,

ఈసారి చూశాను. ఆఖరి విమానం దిగి, ఇంజను ఆపి, చక్రాల కింద దిమ్మలు పెట్టేదాకా నోరు మెదపలేదు.

ఆ రోజు తలెత్తనైనా ఎత్తలేదు.

అక్క